తుఫానుకి కన్ను ఎలా వచ్చింది

ఒకప్పుడు తుఫానుకి కన్ను ఉండేది కాదు.

నడి సముద్రంలో పుట్టేది, అక్కడే తిని, అక్కడే పెరిగి, ఒళ్ళు బాగా బలిశాక తడుముకుంటూ ఒడ్డుకి వచ్చేది. ఉత్తరం వైపు నుంచి ఊదుకుంటూ వచ్చి దక్షిణం వైపుకి వెళ్ళిపోయేది. దారిలో చెట్టు తగిలితే చెట్టు పోయేది, ఇల్లు తగిలితే ఇల్లు పోయేది. కావాలని చేసేది కాదు పాపం. కనబడకపోతే ఏం చేస్తుంది?

కానీ అప్పటి తుఫానుకి మర్యాద తెలుసు. మూడు రోజుల ముందే కబురు పంపేది. వచ్చిన రోజున కూడా తిన్నగా ఊళ్ళోకి చొరబడేది కాదు. ఒడ్డుకి మూడు కెరటాల దూరంలో ఆగి, "సరంగూ! నావ కట్టినావా?" అని కేకేసేది.

సరంగంటే నావకి పెద్ద. నావకీ, వలలకీ, నావ ఎక్కే కళాసీల ప్రాణాలకీ ఆయనే పూచీ. ఆయన "కట్టినాను" అంటే తుఫాను వచ్చేది. "ఇంకా లేదు" అంటే అక్కడే ఓ పూట కూర్చునేది. సరంగు మాటే దానికి చూపు.

గవ్వలపేటలో ఉన్నది ఒకటే నావ. ఊరంతా దాని మీదే బతికేది. ఆ నావకి చాలాకాలం సరంగుగా ఉన్న పెద్దాయన తన జన్మలో రెండుసార్లు "ఇంకా లేదు" అన్నాడు. ఒకసారి మోకుతాడు పీచులు లేచిందని, ఇంకోసారి లంగరు ఇసుకలో సరిగ్గా దిగలేదని. రెండుసార్లూ తుఫాను ఆగింది. ఎవరూ నవ్వలేదు.

ఆయన పోయాక కొడుకు కొర్లయ్య సరంగయ్యాడు.

కొర్లయ్యకి మీసం ఉండేది. ఇంకా ఏమేం ఉండేవని అడక్కండి, ముఖ్యంగా మీసమే ఉండేది. పొద్దున్నే దానికి ఆముదం రాసి మెలేసేసరికి సగం పూట అయిపోయేది. మిగిలిన సగం పూట తను చూసిన తుఫానుల గురించి కోతలు కోసేవాడు. ఆ తుఫానుల్లో నావని కట్టింది వాళ్ళ నాన్న. ఈయన ఊరి వెనక ఎత్తుగా ఉన్న మెట్ట మీద దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. ఆ ముక్క మాత్రం చెప్పేవాడు కాదు.

ఒక కార్తీకమాసంలో పొడుగాటి అల ఒకటి ఆయాసపడుతూ వచ్చి గవ్వలపేట ఒడ్డున కూలబడింది.

"కొర్లయ్యా, తుఫాను కబురెట్టింది. మూడో రోజుకి వొచ్చెస్తాది. నావ కట్టుకో," అంది.

"అలగే, సూద్దాం."

"సూడ్డం కాదు, కట్టాల."

"ఇలాటివి నా మీసం కిందనించి ఎన్ని పోనాయో నీకేటి తెలుసు? ఎల్లెల్లు," అన్నాడు కొర్లయ్య.

అల తిట్టుకుంటూ వెనక్కి వెళ్ళిపోయింది. పక్కనే ఇసుకలో ఉన్న ఎర్రపీత ఆ మాటలు విన్నది. విన్నదే తడవు, తన బొరియని ఇంకో రెండు మూరల లోతుకి తవ్వడం మొదలెట్టింది.

తుఫాను వచ్చే ముందు నావకి ఏం చేయాలో ఆ ఊళ్ళో ఎవరినడిగినా చెప్తారు. తెరచాప దించాలి, దాని కొయ్య పీకాలి. వలలు మెట్ట మీదికి చేర్చాలి. నావకింద దుంగలేసి ఇసుకదిబ్బ దాటించి సరుగుడు తోట వెనక్కి లాక్కుపోవాలి. నాలుగు వైపులా గుంజలు పాతి, ఒక్కో గుంజకి రెండేసి మోకులు కట్టాలి. అంతా కలిపి రెండు రోజుల పని. కొర్లయ్య చేతిలో మూడు రోజులున్నాయి. అక్కడే వచ్చింది చిక్కు.

మొదటి రోజు కొర్లయ్య ఊరందర్నీ పోగేసి, అసలు తుఫానంటే ఏమిటో చెప్పాడు. పొద్దున్న మొదలెడితే మధ్యాహ్నం దాటినా ఆయన చెప్పే తుఫాను ఇంకా నడి సముద్రంలోనే ఉంది. వినేవాళ్ళకి ఆకలి మండిపోతోంది. కళాసీ దానయ్య ఇక ఉండబట్టలేక లేచాడు.

"సరంగు బాబూ, మోకులిప్పించండి. నానూ సోములూ నావ పని సూసుకుంటాం."

"మాట మద్దిన అడ్డమొస్తావేట్రా! సరంగు నువ్వా, నానా?"

దానయ్య కూర్చున్నాడు. తోటి కళాసీ సోములు కూర్చునే ఉన్నాడు. ఆ రోజు అలా గడిచింది.

రెండో రోజు కొర్లయ్య నిజంగానే నావ దగ్గరికి వెళ్ళాడు. వెళ్ళి దానికి రంగు వేశాడు. ముందు వైపు ఎరుపు, అంచుల్లో పసుపు, మధ్యలో తన పేరు. భార్య నీలమ్మ చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని అటే పోతూ ఆగిపోయింది.

"ఇదేటి మావా?"

"అంత పెద్ద తుఫాను వొస్తంటే నావ సక్కగా కనపడొద్దేటే?"

"దానికి కళ్ళే లేవు గదా! ఎవులు సూడ్డానికి ఈ రంగులు?"

కొర్లయ్య పసుపు రంగు ఆరిందో లేదో వేలితో చూసుకున్నాడు.

సాయంత్రానికి ఆకాశం కుంకుమ కలిపినట్టయింది. తూనీగలు గుంపులు గుంపులుగా నేలకి దగ్గరగా ఎగిరాయి. అది చూసి కొర్లయ్య గుండె ఒక్కసారి గుబుక్కుమంది. గుబుక్కుమన్నది నావ గురించి అనుకునేరు! తన ఇంటి గురించి. ఆ ఏడే కొత్త తాటాకు నేయించాడు మరి.

గబగబా వెళ్ళి నావ మోకులు ఎనిమిదీ మోసుకొచ్చాడు. కొబ్బరి పీచుతో పేనిన కొత్త మోకులు, ఊరంతా కూర్చుని పేనుకున్నవి. వాటన్నిటినీ తన ఇంటికప్పుకి బిగించాడు. గాలి ఎప్పుడూ ఉత్తరం నుంచే వస్తుంది కాబట్టి ఎనిమిదీ ఉత్తరం వైపే కట్టాడు.

"అవి నావయి మావా. ఊరి మోకులు," అంది నీలమ్మ.

"నావకి రేపు కడతాను. రేపంతా కాళీయే గదా!"

చెప్పొద్దూ, ఈ "రేపు" అనే మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ రేపు రానే వచ్చింది. పొద్దెక్కే వేళకే ఆకాశం కాటుకలా నల్లబడింది. సముద్రం బుసలు కొడుతోంది. నీలమ్మ ముసలివాళ్ళనీ పిల్లల్నీ మేకల్నీ తోలుకుని మెట్ట ఎక్కింది. మిగిలినవాళ్ళూ వెనకే ఎక్కారు. అక్కడనుంచి చూస్తే ఒడ్డున నావ కనిపించింది. కొయ్య నిలబడే ఉంది, తెరచాప చుట్టి దానికే వేలాడుతోంది, వలలు లోపలే ఉన్నాయి. రంగు మాత్రం బ్రహ్మాండంగా ఉంది.

దానయ్యా సోములూ ఇక ఆగలేదు, మెట్ట దిగారు. మోకులు లేవు. చేతికందిన వలతాళ్ళు పట్టుకుని పరిగెత్తారు. నావ ఎక్కి, ముందు కొయ్య పీకుదామని ఇద్దరూ దాన్ని పట్టుకుని ఊగుతున్నారు.

అప్పుడే మూడు కెరటాల దూరంలో తుఫాను ఆగింది.

"సరంగూ! నావ కట్టినావా?"

కొర్లయ్య ఇసుకదిబ్బ మీద నిలబడ్డాడు. ఎదురుగా నావ. నావలో దానయ్య రెండు చేతులూ ఊపుతూ, "లేదని సెప్పండి బాబూ! ఒక్క పూట ఆగమనండి!" అని అరుస్తున్నాడు. ఆ అరుపు కెరటాల హోరులో తుఫాను దాకా పోలేదు. కొర్లయ్యకి మాత్రం బాగానే వినిపించింది.

కాళ్ళ దగ్గర బొరియలోంచి ఎర్రపీత తల బయటపెట్టింది. "లేదు అను. రెండక్షరాలే గదా," అంది.

కొర్లయ్య వెనక్కి తిరిగి మెట్ట వైపు చూశాడు. ఊరంతా తన్నే చూస్తోంది. ఇన్నాళ్ళూ కోసిన కోతలన్నీ వాళ్ళకి గుర్తుంటాయి. ఇప్పుడు లేదంటే తల కొట్టేసినంత పని.

"సరంగూ! కట్టినావా?" రెండోసారి అడిగింది తుఫాను.

కొర్లయ్య మీసం మెలేశాడు.

"కట్టినాను! ఎప్పుడో కట్టీసినాను!" అన్నాడు.

తుఫాను ఆ మాట నమ్మింది. అంతకాలం ఎవరూ దానితో అబద్ధమాడలేదు. ఉత్తరం నుంచి ఒక్క ఊపున వచ్చి పడింది. సరుగుడు చెట్లు వంగి నేలని తాకాయి. నావ గడ్డిపరకలా లేచి, గిరగిరా తిరుగుతూ సముద్రంలోకి పోయింది. దాంతోపాటే దానయ్యా, సోములూ పోయారు. కొర్లయ్య ఇంట్లోకి దూరి తలుపేసుకున్నాడు.

మెట్ట మీద దానయ్య తల్లి సముద్రం వైపు పరిగెత్తబోయింది. నీలమ్మ ఆమెని పట్టుకుని కూర్చుంది. నీలమ్మకీ ఏడుపాగలేదు. ఏడుపుకన్నా సిగ్గు ఎక్కువగా వచ్చింది.

తుఫాను కొంతదూరం వెళ్ళింది. దాని ఒళ్ళో ఎక్కడో సన్నగా కేకలు వినిపించాయి.

"ఎవులది, నా కడుపులో అరుస్తున్నది?" అంది తుఫాను.

"మేమే తల్లీ! గవ్వలపేట కళాసీలం! నావలో ఉన్నాం!"

"నావ కట్టినానన్నాడు గదా మీ సరంగు?"

"కట్టలేదు తల్లీ. తాడు ముక్క కూడా కట్టలేదు."

తుఫాను ఉన్నచోటే నిలబడిపోయింది. ఇన్నేళ్ళుగా అది ఒడ్డు మీది మాటల్ని నమ్ముకుని నడిచింది. చూడాల్సిన అవసరమే దానికి రాలేదు. ఇప్పుడొచ్చింది. రెండు చేతులూ తన మబ్బుల మధ్యలోకి పెట్టి, బలమంతా కూడగట్టి, అటూ ఇటూ తోసింది. మబ్బుల నడుమ గుండ్రంగా ఒక కన్ను తెరుచుకుంది. అందులోంచి నీలాకాశం కనిపించింది. ఎండ పడింది. గాలి ఆగిపోయింది, వాన ఆగిపోయింది.

తుఫాను మొదటిసారి కిందికి చూసింది. తిరగబడిన నావ కనిపించింది. దాని వీపు మీద బల్లుల్లా కరుచుకున్న ఇద్దరు మనుషులు కనిపించారు. పట్టు తప్పిపోతున్న సోములు చెయ్యి దానయ్య పట్టుకుని ఉన్నాడు. తుఫాను ఒక కెరటాన్ని పిలిచి, నావనీ మనుషుల్నీ మెల్లగా మోయించి, సరుగుడు తోట వెనకాల దింపించింది. కొర్లయ్య మూడు రోజుల్లో చేయలేని పని ఆ కెరటం ఒక్క విసురులో చేసేసింది.

సరిగ్గా అప్పుడే కొర్లయ్య తలుపు తీసుకుని బయటికొచ్చాడు. చేతిలో గొడుగు. ఎండ చూశాడు, మీసం దువ్వుకున్నాడు, మెట్ట వైపు తిరిగి కేకేశాడు.

"దిగిపోండి! అయిపోనాది! నా కేక ఇనగానే ఎలా ఆగిపోయిందో సూసినారా?"

"సూసినాను," అంది తుఫాను పైనుంచి.

కొర్లయ్య తలెత్తాడు. ఆకాశమంత కన్ను ఒకటి తన్నే చూస్తోంది. గొడుగు చేతిలోంచి జారిపోయింది.

"నావ కట్టినానన్నావు. మోకులేవి?"

"కట్టినాను తల్లీ. మోకులు తెగిపోనాయి గావాల. పేనినోళ్ళు సరిగ్గా పేన్లేదు."

మెట్ట మీదున్నవాళ్ళందరికీ ఆ మాట వినిపించింది. పేనింది వాళ్ళే.

"మరి నీ ఇంటికప్పుకున్నయి ఏటి?"

కొర్లయ్య ఇంటికి అడ్డంగా నిలబడ్డాడు. ఎంత చాపినా రెండు చేతులకి ఇల్లు దాగుతుందా? ఎనిమిది మోకులూ ఉత్తరం వైపు బిగుసుకుని, ఎండలో తళతళలాడుతున్నాయి.

తుఫానుకి కోపమొచ్చింది. అప్పటిదాకా దానికి కోపమంటే ఏమిటో తెలియదు. "మెట్ట మీదోళ్ళు ఎవులూ దిగకండి," అని ఒక్క మాట చెప్పి, తన కన్నుని కొర్లయ్య ఇంటి మీదుగా పక్కకి జరిపింది. గిర్రున తిరిగి, ఈసారి దక్షిణం వైపు నుంచి ఊదింది.

దక్షిణం వైపు ఒక్క ముడి కూడా లేదు. ఇంటికప్పు కుండ మీద మూతలా లేచింది. తాటాకులు కాకుల్లా ఎగిరిపోయాయి. మోకులు పటపటా తెగి, వాటి కొసలు కొర్లయ్య వీపు మీద ఒకటి, రెండు, ఎనిమిది అంటించాయి. ఆయన ఇంటి గుంజని కౌగిలించుకుని, "కట్టలేదు! కట్టలేదు! ఇంకా లేదు!" అని అరుస్తూ ఉండిపోయాడు. అరవాల్సిన మాటే. అరవాల్సినప్పుడు అరవలేదంతే.

గాలి తగ్గాక ఊరు దిగొచ్చింది. దానయ్య తల్లి కొడుకు మొహం తడిమి తడిమి చూసుకుంది. సోములు చెయ్యి దానయ్య ఇంకా వదల్లేదు. నీలమ్మ తెగిన మోకు ముక్కలన్నీ ఏరి, తీసుకెళ్ళి దానయ్య ముందు పెట్టింది. ఆ రోజు నుంచి సరంగు దానయ్యే.

కొర్లయ్య ఏమయ్యాడంటారా? పక్క ఊరు పోయి, తుఫానుకి కన్ను తెరిపించింది తనేనని చెప్పుకుని తిరిగాడు. ఒక రకంగా అది నిజమే కదా!

అప్పటినుంచే తుఫానుకి నడిమధ్యన కన్ను ఉంది. అప్పటినుంచే అది సగం ఊరు ఊపేశాక ఒక్కసారి ఆగిపోతుంది. ఆకాశం తేటపడుతుంది, ఎండ కాస్తుంది. అది ఆ కాసేపు నావల వంక చూసుకుంటుంది, ఎవరు కట్టారు, ఎవరు కట్టామన్నారు అని. తెలివైనవాళ్ళు ఆ ఎండ చూసి మోసపోరు, ఒక్క ముడీ విప్పరు, మెట్ట దిగరు. ఎందుకంటే అది చూడ్డం అయిపోగానే తిరిగి రెండో వైపు నుంచి వస్తుంది.

ఈ రోజుకీ ఎర్రపీత బొరియ తవ్వుతూనే ఉంటుంది. తుఫాను మాత్రం ఒడ్డుకి దగ్గర్లో ఆగి, "నావ కట్టినావా?" అని మళ్ళీ ఎవరినీ అడగలేదు.