శౌరమ్మ పిడికెడు

ఊ కొడుతూ ఉండండి, చెబుతాను.

అనగా అనగా ఒక ఏడు. ఉప్పు కరిగిన ఏడు అంటారు దాన్ని. చలి వెళ్ళి ఎండ మొదలయ్యే రోజుల్లో అదను కాని వాన పడింది. సముద్రం ఒడ్డున ఉప్పుమడులన్నీ నీళ్ళపాలయ్యాయి. ఉప్పుగూడెంలో పొయ్యిలు ఆరిపోయాయి.

ఆ గూడేనికి ఆమడ దూరంలో ఒక మిషను బడి. ఆ బడి ఊడ్చే ముసలమ్మ పేరు శౌరమ్మ. చిన్ననాడు కాగే గంజి మీదపడి ఆమె కుడిచెయ్యి కాలింది. పుండు మానింది గానీ వేళ్ళు మళ్ళీ ముడుచుకోలేదు. చెయ్యి ఎప్పుడూ చేటలాగా తెరిచే ఉండేది. పిల్లలు ఆమెను చేటచెయ్యి శౌరమ్మ అనేవాళ్ళు. ఆమె పుట్టిల్లు ఉప్పుగూడెం. చెల్లెలు ఇంకా అక్కడే ఉంది.

విభూది బుధవారం నాడు పంతులుగారు బడి అరుగు మీద మూడు బానలు పెట్టించారు.

"తపస్సు రోజులు వచ్చాయి, ఇక ఈస్టరు పండగదాకా ఉపవాసాలే. బడిలో ఉన్నవాళ్ళంతా ఒక్కపొద్దు ఉండండి. తినని పూట బియ్యం పిడికెడు తెచ్చి ఇందులో పోయండి. మూడు బానలూ నిండితే, పండగకి వారం ముందు మట్టలాదివారం నాడు ఉప్పుగూడేనికి బండి కడదాం. సగం బరువుకి అంత దూరం ఎద్దుల్ని తోలనంటున్నాడు బండివాడు."

మర్నాడు అందరికంటే ముందు బాన దగ్గరికి శౌరమ్మే వచ్చింది. దంపుడు కూలికి వచ్చిన నూకలు అరచేతి నిండా తెచ్చింది.

"నీకెందుకమ్మా ఇది? బడిలో వాళ్ళకి కదా చెప్పాను" అన్నారు పంతులుగారు.

"నేను బడిలో లేనా అయ్యా? రోజూ మీకంటే ముందొచ్చేది నేనేగా!"

పంతులుగారు నవ్వారు. "సరే. పిడికెడు అన్నాను. ఇది రెండు పిడికిళ్ళు ఉంది."

"నా చెయ్యి ముడవదయ్యా. నాకు ఇదే పిడికెడు."

"మరి రాత్రికి?"

"ఒక్కపొద్దు కదయ్యా."

పిల్లలూ తెచ్చారు. కరువు రోజులు, తల్లులు పిడికిలి బిగించి ఇచ్చారు, పిల్లలు ఇంకా బిగించి పోశారు. ఒక వారం పోయింది, మొదటి బాన అడుగు కప్పింది. రెండో వారం పోయింది, ఆ బాన సగమే అయింది. శౌరమ్మ ఊడుస్తూ ఊడుస్తూ బానలోకి తొంగి చూసేది. చెల్లెలి పొయ్యి కళ్ళలో మెదిలేది.

మూడో వారం ఇన్నమ్మ అనే గడుగ్గాయి పిల్ల నడుం వంచి, వేళ్ళు చాచి, అరచేతి నిండా బియ్యంతో వచ్చింది. "చూడండే, నేను చేటచెయ్యి శౌరమ్మని!"

పిల్లలు పడీ పడీ నవ్వారు. శౌరమ్మా నవ్వింది. కాసేపు ఆ పిల్ల చేతివంకే చూసింది.

"ఇంకాస్త చాచవే! నా బొటనవేలు అంత దగ్గరికి రాదు" అంది.

ఇన్నమ్మ ఇంకాస్త చాచింది. ఇంకాస్త బియ్యం పట్టింది.

ఇక చూడండి, మర్నాటినుంచి పిల్లలందరివీ చేటచేతులే.

"పిడికెడు అంటే ఇంతటే?" అని కేకలేశారు తల్లులు.

"ఇది శౌరమ్మ పిడికెడమ్మా!"

ఎక్కిరింత ఆటయింది. మొదటి బాన నిండింది. రెండో బాన నిండింది. మట్టలాదివారానికి మూడో బానా నిండింది.

బండి కట్టారు. శౌరమ్మ అరుగు పట్టుకుని నిలబడింది.

"నీ చెల్లెలికి ఏం చెప్పమంటావే అవ్వా?" అడిగాడు బండివాడు.

"వార్చిన గంజి పారబొయ్యొద్దని చెప్పు."

ఉప్పుగూడెంలో పొయ్యిలు వెలిగాయి.

ఇప్పటికీ ఆ వైపు బడుల్లో తపస్సు రోజుల్లో బియ్యం పోసేటప్పుడు ఎవరూ పిడికిలి బిగించరు. వేళ్ళు చాచి పోస్తారు. ఎవరైనా బిగిస్తే, "శౌరమ్మ పిడికెడు పొయ్యవే" అంటారు పక్కవాళ్ళు.

శౌరమ్మ ఆ ఏటి ఈస్టరు పండగ చూడలేదు. తపస్సు రోజులన్నీ ఆమె ఒక్కపొద్దే తిన్నది. ఆ ఒక్క పొద్దూ గంజే. పండగ ముందటి శుక్రవారం చనిపోయింది.