తడి లేని కళ్ళు

సుదర్శనాచారి వైద్యులకు ప్రశ్నలంటే చిరాకు. శిష్యుడు ఏదైనా అడిగితే జవాబు చెప్పకుండా ఏదో ఒక పని పురమాయించేవారు. ఆ ఉదయం మాధవుడు, "గురువుగారూ, మన చేతికి అందని జబ్బు ఏది?" అని అడిగాడు. ఆయన విననట్టే, "మినపపిండి కలుపు. కాస్త గట్టిగా ఉండాలి" అన్నారు.

లోపలి గదిలో కోటమ్మ కూర్చుని ఉంది. సున్నపు బట్టీలో ఏళ్ళ తరబడి పొగలో, దుమ్ములో పనిచేసి ఆమె కళ్ళు ఎండిపోయాయి. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. జ్వరంతో కూతురు పోయిననాడు ఈమె కంట చుక్క నీరు రాలేదన్నదే అందరికీ పట్టింది. కన్నతల్లేనా అని బట్టీ అంతా చెవులు కొరుక్కుంది. మొగుడు సైదులు ఆమె చేతి కూడు మానేశాడు. మనుషులకు గుండె కనిపించదు కదా, చెంపలు చూసి తీర్పు చెప్పేస్తారు. అత్త గురవమ్మ పోరగా పోరగా సైదులు ఆమెను ఇక్కడికి తీసుకొచ్చాడు. తల్లీకొడుకులు బయట అరుగు మీద కూర్చున్నారు.

"చూపు సంగతి వదిలెయ్యండి సామీ," అంది కోటమ్మ. "ఒక్కసారి మా ఆయన ముందర ఏడవనియ్యండి, చాలు."

ఆమెను వెల్లకిలా పడుకోబెట్టి, కళ్ళ చుట్టూ పిండితో కట్ట కట్టి, గోరువెచ్చని నెయ్యి పోశారు. ఆ నేతిలోనే ఆమె రెప్పలు తెరుస్తూ మూస్తూ ఉంది. కాసేపటికి గురువుగారు కణతల వైపు కట్ట తెంపి, నెయ్యి గిన్నెలోకి వంచి, ఆమెను లేపి కూర్చోబెట్టారు. మిగిలిన నెయ్యి చెంపల మీదికి కారింది.

గుమ్మంలోంచి తొంగిచూసిన గురవమ్మ గొల్లుమంది. "ఒరే సైదులూ, రారా! ఏడుస్తందిరా నా కోడలు!"

సైదులు పరుగున వచ్చి పెళ్ళాం పక్కన కూలబడ్డాడు. ఆమె మొహం రెండు చేతుల్లోకి తీసుకుని, "ఏడువే, పిల్ల కోసం ఏడువు" అంటూ బొటనవేళ్ళతో చెంపలు తుడిచాడు. కోటమ్మ కదల్లేదు. ఆ చేతులు తాకి ఎన్నాళ్ళయిందో!

అతని వేళ్ళు జారాయి. వాటిని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"నెయ్యి" అన్నాడు.

చేతులు కండువాకు తుడుచుకుని లేచి వెళ్ళిపోయాడు. గురవమ్మ ఏడుపు ఠక్కున ఆగింది. కోడలి వంక ఒకసారి చూసి కొడుకు వెనకే నడిచింది. కోటమ్మ వాళ్ళ వైపు చెయ్యి చాచింది. ఒళ్ళంతా వణికిపోయింది. అది ఏడుపేనని చూడటానికి అక్కడ వాళ్ళు లేరు.

మాధవుడికి దుఃఖం ఆగలేదు. ఆమెకు వినపడకుండా, "తగ్గుతుందా గురువుగారూ?" అని అడిగాడు.

ఆయన నేతిగిన్నెకు మూత పెట్టారు.

"కళ్ళకు తగ్గుతుంది" అన్నారు.