వాసన తెలియని ఓబుళమ్మ పొట్టేలు కూర

అనగా అనగా, ఎర్రమట్టి గుట్టల నడుమ ఒక ఊళ్ళో, ఓబుళమ్మ అని ఒకామె ఉండేది. దుప్పటి నిండా కప్పుకో, చెప్తా.

ఆ ఓబుళమ్మకు ఒక్కడే కొడుకు. పేరు పెద్దన్న. గొర్రెలు కాసేవాడు. వాడి పెళ్ళాం గంగరత్న. ఆ పిల్ల ఆ ఇంటికి కాపురానికొచ్చి మూడేళ్ళయింది.

ఓబుళమ్మ పొట్టేలు కూర వండితే వీధి చివరికి వాసన వచ్చేది. పెద్ద మసాలాలేమీ వేసేది కాదు. లేత పొట్టేలు మాంసం, ఉల్లిగడ్డలు, అల్లం, వెల్లుల్లి, కారం, ధనియాలు, కాస్త ఎండుకొబ్బరి, రెండు లవంగాలు. అంతే. అయినా ఆ రుచి ఇంకెవరికీ కుదిరేది కాదు.

కానీ కూర వండే రోజు కోడల్ని పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదు. గంగరత్న ఉల్లిగడ్డలు తరిగిపెట్టాలి, మసాలా నూరిపెట్టాలి, ఆ తర్వాత పక్కకి పోవాలి. కొత్తలో ఒకసారి ఆ పిల్ల గరిటె పట్టుకుంటే, "మీ ఊర్లో కూరలు నీళ్ళ మాదిరి ఉంటాయి, నాకు తెల్సులే" అంది అత్త. గంగరత్న గరిటె కింద పెట్టేసింది. మళ్ళీ ముట్టుకోలేదు.

ఒక ఏడాది వానాకాలంలో ఓబుళమ్మకు జ్వరం వచ్చింది. పది రోజులు మంచం మీదే ఉంది. పదకొండో రోజు లేచింది, తల దువ్వుకుంది, కొడుకు చేత మాంసం తెప్పించి కూర పెట్టింది.

కూర ఉడుకుతుంటే ఒక చుక్క చేతిలో వేసుకుని నాకింది. ఉప్పు తగల్లేదు. కాస్త వేసింది. మళ్ళీ నాకింది. తగల్లేదు. మళ్ళీ వేసింది. మూడోసారి కూడా వేసింది.

పెద్దన్న మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. రెండు చెంబుల నీళ్ళు తాగి, సంగటి మజ్జిగలో కలుపుకుని తిని లేచాడు. గంగరత్న కూడా మజ్జిగే పోసుకుంది. ఓబుళమ్మ ఇద్దరి పళ్ళేలూ చూసింది. రెండింట్లోనూ ముక్కలు అట్లాగే మిగిలి ఉన్నాయి.

అప్పుడామె ఒక్కతే వంటింట్లోకి పోయి, ఇంగువ డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. వాసన లేదు. వెల్లుల్లి రెబ్బ చిదిమి చూసింది. లేదు. కర్పూరం నలిపి చూసింది. అదీ లేదు. డబ్బాలన్నీ మళ్ళీ వరసగా సర్దేసి బయటికొచ్చింది. ఎవరికీ చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదంటావా? ఊళ్ళో అందరూ ఆమెను కూర ఓబుళమ్మ అనే పిలిచేవాళ్ళు. ఇక ఆ పేరుండదేమోనని భయం.

ఆ తర్వాత నెల రోజులకు మళ్ళీ కూర పెట్టింది. ఈసారి ఉప్పు కొలిచి వేసింది. పొయ్యి ముందు పీట వేసుకుని కదలకుండా కూర్చుంది. గంగరత్న పెరట్లో బట్టలు ఉతుకుతోంది. ఉన్నట్టుండి ఆ పిల్ల తడి చేతులతోనే పరిగెత్తుకొచ్చి గిన్నె దించేసింది.

"ఎవరు దించమన్నారు నిన్ను?" అంది ఓబుళమ్మ.

"మాడుతా ఉంది అత్తా."

"మాడితే పక్కనే ఉన్నదాన్ని, నాకు తెలీదా?"

గంగరత్న గరిటెతో అడుగు గీకి చూపించింది. నల్లగా పెచ్చు వచ్చింది. పెరట్లో ఉన్న పిల్లకు తెలిసిన మాడు వాసన, పొయ్యి ముందున్న ఆమెకు తెలియలేదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గంగరత్నకు అర్థమైంది. మాడని ముక్కలు ఏరి వేరే గిన్నెలో వేసి, మళ్ళీ బట్టల దగ్గరికి పోయింది.

ఆ పిల్ల ఎవరితోనూ అనలేదు. మొగుడితో కూడా అనలేదు.

ఓబుళమ్మ మూడు రోజులు కనిపెట్టి చూసింది. ఊళ్ళో ఎవరూ తనను ఆ మాట అడగలేదు. కోడలు చెప్పలేదని ఆమెకు తెలిసింది.

ఇట్లా ఉండగా గుట్టకు అవతలి ఊరి నుంచి కబురొచ్చింది. ఆ ఊళ్ళో ఓబుళమ్మ వాళ్ళ అన్న తిమ్మప్ప ఉంటాడు. ఆయనకు పెద్ద జబ్బు చేసి తగ్గింది. జబ్బయితే తగ్గింది గానీ తిండి పోవడం లేదు. గంజి పోస్తే కక్కుకుంటున్నాడు. అన్నం చూస్తే మొహం తిప్పుకుంటున్నాడు. ఎముకలు లెక్కపెట్టొచ్చు, అట్లా అయిపోయాడు. వైద్యుడు, "మందుతో పని అయిపోయింది, ఇక తిండే మందు" అన్నాడు. ఏం తింటావని అడిగితే, "మా చెల్లెలు వండిన పొట్టేలు కూర అయితే ఒక ముద్ద తింటానేమో" అన్నాడంట. ఎల్లుండి బండి కట్టించుకుని వస్తున్నాడు.

ఓబుళమ్మకు ఆ రోజు అన్నం సహించలేదు. ఆ మర్నాడు కూడా సహించలేదు. మూడో రోజు పొద్దున పెద్దన్న లేత మాంసం తెచ్చి ఇచ్చి, మామను ఎదురుపోయి తీసుకురావడానికి వెళ్ళాడు.

గంగరత్న ఎప్పటిలాగే ఉల్లిగడ్డలు తరిగింది. మసాలా నూరింది. చేతులు కడుక్కుని పక్కకి పోబోయింది.

"అమ్మీ," అని పిలిచింది ఓబుళమ్మ. "ఈడ కూచో."

గంగరత్న నిలబడే ఉంది.

"జరమొచ్చిన కాడ్నుంచి నాకు వాసన తెలీదు. రుచీ తెలీదు. నీకు తెల్సు గదా?"

"తెల్సు అత్తా."

"మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదు?"

"మీరే చెప్పలేదు గదా, నేనెట్లా చెప్తాను?" అంది గంగరత్న.

ఓబుళమ్మ ఇంకో పీట తెచ్చి తన పక్కన వేసింది. గంగరత్న కూర్చుంది.

అప్పుడు ఇద్దరూ కలిసి కూర మొదలుపెట్టారు. శనక్కాయ నూనె కాగింది. ఉల్లిగడ్డలు ఎర్రగా వేగాయి. అల్లం వెల్లుల్లి ముద్ద వేశాక ఓబుళమ్మ అడిగింది, "పచ్చి వాసన పోయిందా?"

"ఇంకా ఉంది."

కలిపింది. "ఇప్పుడు?"

"కొంచెం ఉంది."

ఇంకా కలిపింది. "ఇప్పుడో?"

"పోయింది అత్తా."

అప్పుడు పసుపు రాసి పెట్టిన మాంసం వేసింది. మాంసంలో నీళ్ళు ఊరి గుబగుబ ఉడికాయి. ఓబుళమ్మ తల వంచి ఆ చప్పుడే వింటూ కూర్చుంది. గుబగుబ పోయి చిరచిరమంది. "నీళ్ళు ఇగిరినాయి. నూనె తేలింది చూడు," అంది. గంగరత్న వంగి చూసింది. నిజంగానే తేలింది. ఆ పిల్లకు అది కొత్త సంగతి. చెవితో కూడా వండొచ్చని ఆమెకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత కారం, ధనియాల పొడి పడ్డాయి. వేడినీళ్ళు పోసి మూత పెట్టారు. చాలాసేపు సన్నని మంట మీద ఉడికింది. చివర కొబ్బరి, లవంగాలు నూరిన ముద్ద కలిపారు. ఓబుళమ్మ ఒక ముక్క తీసి వేళ్ళతో నొక్కింది. మెత్తగా విడిపోయింది.

"అయింది, దించుదాం," అంది.

"వద్దత్తా," అంది గంగరత్న. "లవంగం ఘాటు ఇంకా పచ్చిగానే ఉంది. కాసేపు ఉండనీండి."

ఆ ఇంట్లో కూర విషయంలో ఓబుళమ్మకు ఎవరూ వద్దు అని చెప్పి ఎరగరు. ఆమె చెయ్యి గిన్నె దాకా పోయి ఆగింది. ఆ తర్వాత వెనక్కి తీసుకుంది.

"సరే. నువ్వు చెప్పినప్పుడే దించుదాం."

చివరికి ఉప్పు చూడాలి. ఓబుళమ్మ ఉప్పు చట్టి తీసి కోడలి ఒళ్ళో పెట్టింది. గంగరత్న రుచి చూసింది, చిటికెడు వేసింది. మళ్ళీ చూసింది. తల ఊపింది. కొత్తిమీర చల్లి దించారు.

మధ్యాహ్నానికి తిమ్మప్ప వచ్చాడు. పెద్దన్న భుజం పట్టుకుని దించాడు. పీట మీద కూర్చోబెట్టి, నిమ్మకాయంత సంగటి పెట్టి, కూర వేశారు. ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఎవరూ కదల్లేదు. మింగాడు. రెండో ముద్ద మింగాడు. మూడో ముద్దకు పళ్ళెంలో సంగటి అయిపోయింది.

"ఇంకొంచెం పెట్టు," అన్నాడు.

పెట్టారు. అదీ తిన్నాడు. చెయ్యి కడుక్కుంటూ, "ఏం మే, ఇది నువ్వు చేసిన కూరేనా? నీ కూర మాదిరే ఉంది, కాని ఇంకేదో ఉంది దీంట్లో," అన్నాడు.

ఓబుళమ్మ "అవును, నేనే" అనొచ్చు. అంటే అడిగేవాళ్ళు లేరు. గంగరత్న తల వంచుకుని పళ్ళేలు తీస్తోంది.

"చెయ్యి నాదే అన్నా," అంది ఓబుళమ్మ. "ముక్కూ నాలికా మా కోడలివి. నాకు వాసన పోయింది."

తిమ్మప్ప గంగరత్న వైపు చూసి, "అట్లయితే నేను పది రోజులు ఈడే ఉంటానమ్మా," అన్నాడు. ఉన్నాడు కూడా. పదకొండో రోజు తన కాళ్ళ మీద తనే నడిచి బండెక్కాడు.

తిమ్మప్ప వచ్చిన ఆ మధ్యాహ్నం, మగవాళ్ళు తిని లేచాక అత్తా కోడళ్ళు కూర్చున్నారు. ఓబుళమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. మట్టి నమిలినట్టే ఉంది.

"ఎట్లుందో చెప్పు," అని అడిగింది.

గంగరత్న నెమ్మదిగా నమిలి చెప్పింది. "ముందు కారం తగుల్తా ఉంది అత్తా, నాలిక కొసన. ఆ తర్వాత ధనియాలు. మాంసం తియ్యగా ఉంది. మింగినాక లవంగం వస్తా ఉంది, గొంతులో, సన్నగా."

"ఉప్పు?"

"సరిపోయింది."

ఓబుళమ్మ ఇంకో ముద్ద పెట్టుకుని, "మళ్ళీ చెప్పు," అంది.

వాసన తిరిగొచ్చిందా అంటావా? లేదు బంగారూ, రాలేదు. బతికినన్నాళ్ళూ రాలేదు. కూర వండినప్పుడల్లా ఆ పిల్ల అట్లా చెప్తూనే ఉంది, ఆమె కడుపునిండా తింటూనే ఉంది.

కూర గిన్నెకి, సంగటి పళ్ళేనికి,
కథేమో కంచికి, నిద్రేమో కంటికి,
నువ్వు దుప్పట్లోకి, నేను నీ పక్కకి.