పొద వెనక మహారాజు

అనగనగా దుంపలకోన అని ఒక అడవి. ఆ అడవికి రాజు జూలప్ప అనే సింహం. జూలప్ప చెడ్డవాడేమీ కాదు పిల్లలూ. ఆకలేస్తే తినేవాడు, నిద్రొస్తే పడుకునేవాడు, మిగతా వేళల్లో ప్రజల గురించి దిగులు పడేవాడు.

ఒకరోజు పక్క అడవి పులిరాజు చుట్టపుచూపుగా వచ్చాడు. బండ మీద కాళ్లు చాపుకుని, "మా అడవిలో అభిప్రాయ సేకరణ చేయించాను బావా. నేనంటే అందరికీ ప్రాణమట!" అన్నాడు.

ఆ మాట జూలప్పకు ముల్లులా గుచ్చుకుంది. పులి అటు వెళ్లగానే ఇటు పేరిందేవిని పిలిపించాడు.

పేరిందేవి ఒక చెవులపిల్లి. చెవులు పెద్దవి, నోరు చిన్నది. ఎవరేం చెప్పినా మధ్యలో అడ్డు రాకుండా వినేది. అందుకే అడవిలో అందరూ తమ గోడు ఆమెకే చెప్పుకునేవారు.

"పేరిందేవీ! నా పాలన ఎలా ఉందో, తిండి సరిపోతోందో లేదో, రోజులెలా గడుస్తున్నాయో నా ప్రజల్ని అడిగి రా" అన్నాడు జూలప్ప.

"అలాగే మహారాజా. అడవంతా తిరగలేను గనక అన్ని రకాలవాళ్లలోంచీ కొందరిని ఎంచుకుంటాను. ఒక్కొక్కరిని విడిగా అడుగుతాను. ఎవరు చెప్పారో మీకు చెప్పను. ఏం చెప్పారో మాత్రం ఉన్నదున్నట్టు చెబుతాను."

"భేష్! నేనూ వస్తాను."

పేరిందేవి చెవులు వాలిపోయాయి. "మీరొస్తే వాళ్లు బెదురుతారేమో మహారాజా..."

"బెదరడం ఎందుకు? పొద వెనక నిలబడతాను. గుర్రుమనను కూడా. నన్ను మెచ్చుకుంటుంటే నా చెవులతో నేను వినొద్దూ?"

అలా చేస్తే నిజం బయటికి రాదని పేరిందేవికి తెలుసు. వద్దని చెప్పాలి. చెప్పబోయింది. అంతలో జూలప్ప ఆవులించాడు. నోట్లో పళ్లన్నీ కనిపించాయి.

"సరే మహారాజా" అంది పేరిందేవి.

మొదట చుక్కమ్మ అనే లేడి దగ్గరికి వెళ్లారు. జూలప్ప ఒక పొద వెనక దాక్కున్నాడు. ముఖం మాత్రం పొదలో ఉంది. మిగతా సింహమంతా బయటే ఉంది.

"చుక్కమ్మా, పాలన ఎలా ఉంది?" అని అడిగింది పేరిందేవి.

చుక్కమ్మ పొద పక్కన ఊగుతున్న తోకను చూసింది.

"ఏం చెప్పమంటావు వదినా! చల్లగా ఉంది. నిరుడు మా అక్కను మహారాజుగారే స్వయంగా తిన్నారు. ఎంత మర్యాదగా తిన్నారనుకున్నావు! తినేముందు నమస్కారం కూడా పెట్టారు. ఇంటిల్లిపాదీ ఇప్పటికీ తలుచుకుని మురిసిపోతుంటాం."

పొద వెనక ఎవరో ముక్కు చీదారు. ఆనందంతో జూలప్పకు కళ్లనీళ్లు వచ్చేశాయి.

తరవాత గంగులు అనే అడవిదున్న దగ్గరికి వెళ్లారు. గంగులుకు పక్కటెముకలన్నీ బయటికొచ్చాయి. ఒక బోడిరాయిని నాకుతూ నిలబడి ఉన్నాడు.

"గంగులు బాబాయ్, మేత సరిపోతోందా?"

గంగులు చెట్టు పక్కనుంచి బయటికొచ్చిన పంజాను చూశాడు.

"సరిపోవడమా! గడ్డి మరీ ఎక్కువైపోయిందమ్మాయ్. ఎక్కడ అడుగేద్దామన్నా గడ్డే. తినీ తినీ దవడలు పట్టేశాయి. కాస్త విశ్రాంతిగా ఉంటుందని ఈ రాయి నాకుతున్నాను."

చివరికి చెరువు దగ్గరికి వెళ్లారు. ఆ ఏడు వానలు సరిగా పడలేదు. చెరువు మధ్యలో కాసిన్ని నీళ్లున్నాయి. అందులో ముసలి తాబేలు కూర్చుంది. దాని వీపు మొత్తం ఎండలోనే ఉంది.

"తాతా, నీళ్లకి ఇబ్బందేమైనా ఉందా?"

తాబేలు తాతకు చూపు సరిగా ఆనదు. కానీ సింహం వాసన తెలుసు.

"నీళ్లా? మునిగిపోతున్నాను తల్లీ! ఈత రాక నిన్న చచ్చేవాణ్ని."

ఆ పూట జూలప్ప తిండి ముట్టలేదు. "పాపం నా ప్రజలు! గడ్డితో ఒకరు, నీళ్లతో ఒకరు ఇంత బాధపడుతుంటే నాకు తెలియనే లేదే!" అని కుమిలిపోయాడు. వెంటనే ఏనుగుల్ని పిలిచాడు.

"మిగిలిన గడ్డి పీకేయండి. చెరువు గట్టు తెగ్గొట్టండి. ఇక చుక్కమ్మ అంటారా, రాబోయే పౌర్ణమి రోజు పొద్దున్నే ఆమెకు సన్మానం. వాళ్లక్కకు దక్కిన మర్యాదే ఆమెకూ దక్కుతుంది. ఈసారి దండ కూడా వేస్తాను."

పేరిందేవి నోరు తెరిచింది. జూలప్ప పళ్లు గుర్తొచ్చి మళ్లీ మూసేసింది.

ఏనుగులు చెప్పిన పని చెప్పినట్టు చేశాయి. ఉన్న కాసిన్ని నీళ్లూ పల్లంలో ఉన్న పులిరాజు అడవికి పోయాయి. ఇప్పుడెలా ఉందో కనుక్కుందామని జూలప్ప మళ్లీ పేరిందేవిని వెంటపెట్టుకుని బయల్దేరాడు.

"కాళ్లకు అడ్డం లేదు, హాయిగా ఉంది" అన్నాడు గంగులు, నిలబడలేక చెట్టుకు ఆనుకుని.

"ప్రాణదానం చేశారు" అంది తాబేలు, ఎండిన బురదలో ఇరుక్కుని.

దుప్పులు పిల్లల్ని తీసుకుని అడవి వదిలి పోతుంటే ఎక్కడికని జూలప్ప అడిగాడు. "ఇక్కడ సుఖం ఎక్కువైపోయింది మహారాజా, కొన్నాళ్లు కష్టపడి వద్దామని" అన్నాయవి. ఎంత మంచి ప్రజలో అనుకున్నాడు జూలప్ప.

పౌర్ణమి దగ్గరపడింది. చుక్కమ్మ ఏడుస్తూ పేరిందేవి బొరియ దగ్గరికి వచ్చింది. వెనకే చిన్న పిల్ల.

"ఇదింకా పాలు మాననే లేదు వదినా. నేను పోతే ఎలా బతుకుతుంది? నా నోటితో నేనే చెప్పాను కదా మర్యాదగా తిన్నారని!"

"తప్పు నీది కాదు చుక్కమ్మా. ఆయన్ని వెనక నిలబెట్టుకుని నిన్ను అడిగాను చూడు, తప్పు నాది. ఏం చెయ్యాలో నేను చూస్తాను" అంది పేరిందేవి. ఏం చెయ్యాలో మాత్రం ఆమెకూ తెలియదు.

పౌర్ణమి రానే వచ్చింది. పొద్దున్నే మిగిలిన జంతువులన్నీ చెరువు దగ్గర చేరాయి. చుక్కమ్మ మెడలో ఎండుతీగల దండ. జూలప్ప తినేముందు నోరు కడుక్కోవడానికి చెరువులోకి దిగాడు. చెరువంతా నెర్రెలు విచ్చి ఉంది. అసలే ఆయనకు దాహంతో నాలుక అంగిలికి అతుక్కుపోయి ఉంది. మూతి కిందికి పెట్టి, ముక్కు నిండా దుమ్ముతో పైకి లేచాడు.

అప్పుడు పేరిందేవి ముందుకొచ్చింది.

"మహారాజా! అందరినీ అడిగాను గానీ మిమ్మల్ని అడగలేదు. నీళ్లెలా ఉన్నాయి?"

జూలప్ప చుట్టూ చూశాడు. అడవి అడవంతా ఆయన వంకే చూస్తోంది. గట్టు తెగ్గొట్టించింది తనే. జూలు సర్దుకున్నాడు.

"బ్రహ్మాండం! ఇంత తియ్యటి నీళ్లు పుట్టి ఎరగను. కడుపు నిండి..." అంటూనే దుమ్ము గొంతుకు అడ్డంపడి దగ్గాడు.

"జాగ్రత్త మహారాజా, అక్కడ లోతెక్కువ!" అంది తాబేలు, అలవాటు కొద్దీ.

ఎవ్వరూ నవ్వలేదు. జూలప్ప మెల్లగా ఆ మట్టిలోనే చతికిలబడ్డాడు.

"పేరిందేవీ, నేనిప్పుడు అబద్ధం చెప్పాను కదూ?"

"చెప్పారు మహారాజా."

"ఎందుకు చెప్పాను?"

"అందరూ చూస్తున్నారు కదా. నిజం చెబితే ఏమవుతుందోనని భయం."

"నాకే ఇంత భయమేస్తే..." అని జూలప్ప చుక్కమ్మ వైపు చూసి ఆగిపోయాడు.

"మీరు ఆ కొండ అవతలికి వెళ్లండి మహారాజా. తోకతో సహా వెళ్లండి. నేను మళ్లీ అడిగి వస్తాను" అంది పేరిందేవి.

ఆయన వెళ్లాడు. పేరిందేవి ఒక్కొక్కరి పక్కన కూర్చుని అడిగింది. కొందరు నోరు విప్పేముందు చాలాసేపు ఏడ్చారు. ఆమె విన్నది. పొద్దువాలాక కొండ ఎక్కి రాజుకు చెప్పింది.

"నీళ్లు లేవు. గడ్డి లేదు. మీరు తమను తినడం ఎవరికీ ఇష్టం లేదు. మర్యాదగా తిన్నా ఇష్టం లేదు."

"ఎవరన్నారా మాట?" అని జూలప్ప గర్జించాడు. కొండ అదిరింది.

"ఎవరన్నారో చెప్పను" అంది పేరిందేవి. ఈసారి చెవులు వాలలేదు.

జూలప్ప చాలాసేపు గుర్రుమన్నాడు. తరవాత కొండ దిగి వచ్చి, చుక్కమ్మ మెడలో దండ తనే తీసేశాడు. ఏనుగులతో కలిసి గట్టుకు రాళ్లు మోశాడు. వానాకాలానికి చెరువు నిండింది. గడ్డి మొలిచింది. వెళ్లిపోయిన దుప్పులు తిరిగొచ్చాయి.

"తినడం మానమంటే నా వల్ల కాదు, గడ్డి నాకు అరగదు. కానీ పిల్లల తల్లుల జోలికి రాను" అన్నాడు జూలప్ప.

దానికి అడవి పూర్తిగా సంతోషించలేదు. సంతోషంగా లేమని ఆయన ముఖం మీదే చెప్పారు. జూలప్ప అంతా విని, తలూపి, పక్కకు తిరిగి పడుకున్నాడు.

నీతి: భయపడేవాళ్లు మనకు నచ్చే జవాబే చెబుతారు, నిజం కావాలంటే ముందు వాళ్ల భయం పోగొట్టాలి.