దవడ దయ్యానికి బెల్లం మూట

అనగనగా ఒక ఊళ్ళో ఎటు చూసినా చెరుకు తోటలే, బెల్లం పొయ్యిలే. ఆ ఊళ్ళో నూకాలని ఒక కోడలు. దానికి మూడేళ్ళ కూతురు, బంగారి. ఊ కొడుతున్నారా? కొట్టండర్రా, ఈ కథ చెప్పాలంటే నాకే భయం.

పాకం కాసే రోజుల్లో తల్లులందరికీ పొయ్యి దగ్గరే పని. పిల్లలు ఏడవకుండా గుడ్డలో బెల్లంముక్క మూటకట్టి నోటికిచ్చేవాళ్ళు. పిల్ల చప్పరిస్తూ చప్పరిస్తూ మూటతోనే నిద్రపోయేది. అదీ ఆ ఊరి అలవాటు.

ఒకనాడు బంగారి దవడ వాచింది. పొద్దున ఉసిరికాయంత, మధ్యాహ్నం నిమ్మకాయంత, సాయంత్రానికి కన్నే మూసుకుపోయింది. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. నిరుడు ఎదురింటి పిల్లాడికీ ఇలాగే వాచి, వారం తిరక్కుండా పోయాడు. 

అత్త పైడమ్మ చూసి, ఇది దవడ దయ్యమే, తీపి పెట్టకపోతే పిల్లని పట్టుకుపోతుంది అంది. ఆ బుగ్గలో ఒక మూట, ఈ బుగ్గలో ఒక మూట కుక్కింది. పాపం, ఆవిడదీ ప్రేమేనర్రా. వాపు తగ్గిందా? మెడ దాకా దిగింది. దయ్యానికి ఇంకా ఆకలి తీరలేదని మూడో మూట కట్టింది. పిల్ల గుటక వెయ్యలేక గురగురమంటోంది. ఆ చప్పుడు వినగానే నూకాలు లేచింది.

గడప దాటితే దయ్యం వెంటపడుతుందే అని అత్త అరుస్తున్నా ఆగలేదు. పిల్లని భుజానేసుకుని పొరుగూరి పళ్ళ వైద్యుడు సన్యాసయ్య దగ్గరికి పరుగో పరుగు. వెనక అడుగుల చప్పుడు! చూడాలంటే భయం, చూడకపోతే ఇంకా భయం. ఊ అనండర్రా! తిరిగి చూస్తే ఎవరు? అత్తే. చేతిలో మూటతో ఏడుస్తూ వస్తోంది.

వైద్యుడు పిల్ల నోరు చూశాడు. దవడెందుకు వాచింది? చీము పట్టింది. చీమెందుకు పట్టింది? పన్ను పుచ్చింది. పన్నెందుకు పుచ్చింది? తీపి నానింది. తీపెందుకు నానింది? రాత్రంతా మూట నోట్లో ఉంది. మూటెవరు పెట్టారు? అత్త చేతిలో మూట కొంగు చాటుకి పోయింది.

ఆయన పన్ను పీకి, చీము తీసి, మందిచ్చాడు. ఇంకొక్క పూట ఆగితే ఊపిరాడేది కాదమ్మా అన్నాడు. బెల్లం మానమనను, అన్నంతోపాటు తినండి, తిన్నాక పుక్కిలించండి, రాత్రి పళ్ళు తోమాక మంచినీళ్ళు తప్ప ఏదీ ఇవ్వకండి అన్నాడు. పాలపళ్ళేగా అని ఊరుకోకుండా, నొప్పి రాకముందే తెచ్చి చూపించమన్నాడు.

పైడమ్మ తిరిగొచ్చి ఇంటింటికీ వెళ్ళి మూటలన్నీ తీయించింది. దయ్యం మీద పడుతుందని ఊరంతా వణుకుతూ దీపాలు పెట్టుకుని కూర్చుంది. కోడి కూసింది, తెల్లారింది, ఏదీ రాలేదు. బంగారి లేచి, ఆకలే అమ్మా అంది. నూకాలు గంజి తాగిస్తూ బావురుమని ఏడ్చింది.

చూశారా, ప్రేమగా పెట్టే చేతికి కూడా ఏది ఎప్పుడు పెట్టాలో తెలియాలి. కథ కంచి దారి పట్టింది, మనం నోరు పుక్కిలించి పక్క ఎక్కుదాం. ఎవర్రా అది, దిండు కింద చాక్లెట్టు దాచింది? ఇటు తే!