తరవాణి కుండా, పందిపిల్లలూ

అనగనగా, పందులు కూడా మనుషులతో కష్టసుఖాలు చెప్పుకునే రోజుల్లో, ఒక కొండ దిగువన సింగన్న, నాంచారి అనే ఆలుమగలు పందులను పెంచుకుంటూ బతికేవారు. సింగన్న మంచివాడే. కాకపోతే ఆయనకు తీర్పు ముందు, ఆలోచన తర్వాత.

ఒక ఏడు వాన మొహం చాటేసింది. తవుడు లేదు, నూకలు లేవు. పెరట్లో కర్రపెండలం దుంపలు మాత్రం బాగా ఊరాయి. ఒకరోజు కాటుక అనే తల్లిపంది పిల్లలను వెంటేసుకుని గుమ్మం ముందుకు వచ్చింది.

"నాంచారమ్మా, నా పాలు ఇంకిపోయాయి. ఇక వీళ్ళ ప్రాణాలు నీ చేతుల్లోనే ఉన్నాయి" అంది. నాంచారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ముందు పచ్చి దుంప ముక్కలు పెట్టింది. చేదుకు పిల్లలు మూతులు తిప్పుకున్నాయి. తర్వాత ఉడికించి పెట్టింది. ఆవురావురుమని తిన్నాయి గానీ, కడుపులు జారి మరింత చిక్కిపోయాయి.

మూడోసారి నాంచారి దుంపలు తురిమి, చేదు రసం పిండేసి, కుండలో కూరింది. ఇంట్లో పులిసిన గంజి ఉండే తరవాణి కుండలోంచి ఒక గరిటెడు తీసి అందులో పోసి, మూతికి గుడ్డ కట్టింది.

కొన్నాళ్ళకు, ఆమె నీళ్ళకు వెళ్ళినప్పుడు సింగన్న ఆ గుడ్డ విప్పి ముక్కు మూసుకున్నాడు. "కుళ్ళిపోయింది. ఇది తింటే పిల్లలు దక్కవు" అని కుండ ఎత్తుకుని పారబోయడానికి బయల్దేరాడు.

ఆ వాసనకు పిల్లలన్నీ పరుగున వచ్చి ఆయన కాళ్ళకు అడ్డం పడ్డాయి. సింగన్న వెల్లకిలా పడ్డాడు, కుండ పగిలింది. నేల మీదది నాకేసి, ఆయన మీసాలకు అంటినది కూడా వదల్లేదు పిల్లలు. "అయ్యో, చేజేతులా చంపుకున్నానే" అని సింగన్న తల పట్టుకున్నాడు.

తెల్లారేసరికి పిల్లలు గంతులేస్తూ వచ్చాయి.

"అయ్యా, ఇంకో కుండ ఉందా?"

సింగన్న తెల్లబోయాడు. "అంత కంపు కొట్టింది, ఎలా అరిగిందే?"

నాంచారి పకపకా నవ్వింది. "నువ్వు రోజూ పొద్దున్నే చద్దన్నంలో తరవాణి పోసుకుని లొట్టలేస్తావు కదా మావా. అది కుళ్ళిందా, పులిసిందా?"

సింగన్న తన తరవాణి ముంత వాసన చూసుకున్నాడు. అదే వాసన. సిగ్గుపడి, తనూ నవ్వేసి, దుంపలు తురమడానికి కూర్చున్నాడు. ఆ కరువులో ఒక్క పిల్ల కూడా పోలేదు.

అందుకే పిల్లలూ, దేన్నైనా పారేసే ముందు ముక్కును ఒక్కదాన్నే కాదు, బుద్ధిని కూడా అడగాలి.