త్రిశృంగసభలో ప్రమాణజలం

పూర్వం, రాజులు కత్తులకంటె చెవులనే ఎక్కువగా నమ్ముకొన్న ఒకానొక కాలంలో, ధూమ్రవతీ నగరాన్ని ఏలుతుండిన చండశాసనుడైన వజ్రసేన మహారాజు, పొరుగున ఉన్న త్రిశృంగ పర్వతవాసులపైకి పలుమార్లు దండెత్తి, పోయిన ప్రతిసారీ తల వంచుకొని తిరిగివచ్చి, అవమానాగ్నిలో కాగిపోతూ, తన చారనాయకుడైన పింగాక్షుణ్ణి ఏకాంతంగా పిలిపించాడు. ఆ కొండవారికి రాజు లేడు. కులవృద్ధులు సెలయేటి ఒడ్డున సభ తీరి, పాశధరుడైన వరుణదేవుణ్ణి సాక్షిగా నిలిపి, "గణహితం తప్ప అన్యం పలకను" అని దోసిట నీరు పట్టి తాగి, ఆ తరువాతనే నోరు విప్పుతారు. అందరి మాట ఒక్కటయ్యేదాకా ఎవరూ లేవరు. ఒక్కటయ్యాక ఎవరూ వెనుదిరగరు.

"ప్రభూ, వారి ఐకమత్యమే వారికి కోటగోడ," అన్నాడు పింగాక్షుడు. "దానికి బయటినుండి నిచ్చెన వేయలేము. లోపలివాడొకడు తలుపు తీయాలి. అట్టివాణ్ణి కొననక్కరలేదు, వాడు ఎవరికై ఏడుస్తున్నాడో తెలిస్తే చాలును."

ఏడుస్తున్నవాడు ఉన్నాడు. సభావృద్ధులలో సత్యసంధుడని పేరుపడ్డ ఉదర్కుని ఏకైకపుత్రుడు అరుణాశ్వుడు, కడపటి యుద్ధంలో పట్టుబడి వజ్రసేనుని చెరలో మగ్గుతున్నాడు. పింగాక్షుడు జడలు కట్టి, విభూతి పూసి, దండకమండలువులు ధరించి ఉదర్కుని గుమ్మంలో నిలిచాడు. ఆ వేషం చూస్తే నిజమైన తపస్వులైనా లేచి మ్రొక్కేవారు. "నీ కుమారుడు బ్రతికే ఉన్నాడు నాయనా," అన్నాడు, మరేమీ అడగలేదు. కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చి, సభలో ఎవరికి ఎవరిపై కినుకో ఊరకే అడిగాడు. ఊరకే అడిగినదానికి ఊరకే చెప్పాడు ఉదర్కుడు. పాపం దొంగలా రాదు, చుట్టపుచూపుగా వచ్చి పీట వేయించుకొంటుంది. చివరకు ఆ కపటయతి అసలు సంగతి బయటపెట్టాడు.

"కనుమను కాచే శంఖపాదుడు శత్రువులతో చేయి కలిపెనేమో అని రేపటి సభలో అను. నిందింపవద్దు, సందేహం చాలు. నీ కుమారుడు నీ ఇంటికి వస్తాడు."

ఉదర్కుడు దోసిట నీరు తాగి, ఆ మాట పలికాడు. ధీరోదాత్తుడైన శంఖపాదుడు బదులు చెప్పక, తన ఈటెను సభ నడుమ ఉంచి, అడవికి పోయి, అన్నపానాలు మాని ప్రాణం విడిచాడు. నిర్దోషి కూడా వాదించుకోవలసి వస్తుందని ఆ మహానుభావుడికి తెలియదు పాపం.

అరుణాశ్వుడు ఇల్లు చేరాడు. చెర తప్పించుకొని వచ్చిన వీరుడని సంతోషించి, వృద్ధులు కనుమకాపరి పదవిని అతనికే ఇవ్వదలచారు. ఇదీ పింగాక్షుని పన్నుగడే. చెరలో అతడు ఆ యువకునితో అన్న మాట ఇది: "నీ తండ్రి ఇప్పటికే మావాడు. మా సేనకు నీవు కనుమ తెరువకపోతే ఆ సంగతి సభకు తెలుస్తుంది. ఆయనను శిఖరంనుండి త్రోస్తారు." ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ ఒకే ఇంట ఇద్దరు దొంగలు, ఒకరి ప్రాణంకోసం మరొకరు, ఒకరికి తెలియకుండా మరొకరు అమ్ముడుపోయారు.

సభ తీరింది. అరుణాశ్వుడు దోసిలి పట్టాడు. నీరు పెదవులదాకా వచ్చి ఆగింది, చేతులు వణికాయి. ఆ వణుకు ఏమిటో ఆ సభలో ఉదర్కుడొక్కడికే తెలుసు. అతడు లేచి వచ్చి కొడుకు మణికట్టు పట్టుకోగా నీరంతా నేలపాలైంది.

"తాగకు నాయనా. నేను తాగాను. తాగిన నాటినుండి నాకు అన్నం సయించడం లేదు."

"తండ్రీ, ఊరకుండండి. మిమ్మల్ని చంపుతారు."

"చంపనీ. నిన్ను ఇలా చూడటంకంటె అదే మేలు." ఆ వృద్ధుడు సభవైపు తిరిగాడు. "శంఖపాదుడు నిర్దోషి. నా కొడుకు కోసం నేను అబద్ధమాడాను. మన ఊళ్ళలో తిరిగే ఆ యతి వజ్రసేనుని చారుడు. శంఖపాదుణ్ణి వాడు తొలగించింది కనుమకోసమే. దాని కింద సేన కాచుకొని ఉంటుంది, పదండి."

త్రిశృంగవాసులు మళ్ళీ ఒక్కమాటపై లేచి, కొండరాళ్ళు దొర్లించి ఆ సేనను చెల్లాచెదరు చేయగా, వజ్రసేనుడు పలాయితుడయ్యాడు. జడలు పీకి పారవేసి పింగాక్షుడూ పారిపోయాడు. తరువాత చాలాకాలం నిజమైన సన్న్యాసులకు సైతం ఆ కొండల్లో పిడికెడు భిక్ష పుట్టలేదు.

అంతట మకరవాహనుడైన వరుణదేవుడు సెలయేటినుండి ప్రత్యక్షమై, ఉదర్కుని మెడకు పాశం తగిలించి, "అసత్యానికి నా జలాన్ని సాక్షి చేసితివి, నీ ప్రాణం నాది. కడపట సత్యం పలికితివి గనుక ఒక వరం కోరుకొనుము" అన్నాడు.

"స్వామీ, శంఖపాదుణ్ణి బ్రతికించు."

"పోయినవాడు యముని సొత్తు. వేరొకటి కోరుము."

"అయితే అతని పేరుకు నేనంటించిన నిందను నా పేరుకు మార్చు. ఈ కొండలున్నంతకాలం ఇక్కడ ద్రోహి అంటే ఉదర్కుడే కావాలి."

అరుణాశ్వుడు దేవుని పాదాలపై పడి, ఆ వరం ఇవ్వవద్దని వేడుకొన్నాడు. జలాధినాథుడు "తథాస్తు" అని, ఆ వృద్ధుణ్ణి నీటిలోకి తోడ్కొనిపోయాడు.

త్రిశృంగంలో ధర్మం మరల నిలిచింది. అబద్ధపు ప్రమాణానికి వణికిన చేతులే కనుమకు తగినవని వృద్ధులందరూ ఏకగ్రీవంగా ఆ పదవిని అరుణాశ్వునికే ఇచ్చారు. నాటినుండి సభ తీరిన ప్రతిసారీ నీరు తాగేముందు "ఉదర్కునివలె పలికితే నశింతును గాక" అనడం ఆచారమైంది. ఆ మాటను అందరికంటె ముందుగా పలకవలసినవాడు కనుమకాపరి. తల నెరిసి, ఈటె మోయలేనివాడయ్యేదాకా అరుణాశ్వుడు ఆ మాట పలుకుతూనే ఉన్నాడు.